మూడో పిలుపు

నా భార్య కోమలిని ఎవరు పిలిచినా మూడుసార్లు పిలవాలి. మొదటిసారికి పలకదు. రెండోసారికి తల కూడా తిప్పదు. మూడోసారికి మాత్రం "ఏంది మామా, వీధంతా వినబడేట్టు అరుస్తావు" అని నన్నే తగులుకుంటుంది. అరవక ఏం చేసేది? పెళ్లయిన కొత్తలో పొగరనుకున్నాను. తర్వాత చెవుడేమోనని అనుమానం వచ్చి చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోయాను. ఆయన పరీక్ష చేసి, "ఆమె చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి, మీరే కొంచెం మెల్లగా మాట్లాడితే మంచిది" అని నాకు బుద్ధి చెప్పి పంపాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నా పరువు అంతంత మాత్రమే.

నాది తిరుపతిలో కరకంబాడి రోడ్డు మీద బ్యాటరీల అంగడి. సుందరరాజు అంగడి అంటే ఆ దారిలో తిరిగే ఆటోవాళ్లందరికీ తెలుసు. కోమలి పని వేరు. పెట్టుడు కాళ్లు ఉచితంగా ఇచ్చే ఒక ధర్మసంస్థ వర్క్‌షాపులో కాళ్లు చేస్తుంది. తెగిన చోట ప్లాస్టరుతో అచ్చు తీస్తుంది, దాని మీద కాలు పోస్తుంది, చర్మానికి ఒరుసుకోకుండా అరగదీస్తుంది. పెద్దవాళ్ల కాళ్లతో ఆమెకు ఏ పేచీ లేదు. పిల్లల కాళ్లతోనే బాధ. పిల్ల పెరుగుతుంది, పెట్టుడు కాలు పెరగదు. పోయినేడు గెంతుతూ వెళ్లిన పిల్ల ఈ ఏడు కుంటుతూ వస్తుంది. మళ్లీ కాలు కావాలి, మళ్లీ దాత కావాలి. "మొన్ననే ఇచ్చినాం కదమ్మా" అంటారు దాతలు. ఆ మాట విన్న రోజు ఇంట్లో గిన్నెలు మామూలు కన్నా గట్టిగా మోగుతాయి.

ఈ గొడవలోకి డాక్టరు దేవరాజులు వచ్చాడు. నగరిలో పుట్టి, చెన్నైలో పళ్ల డాక్టరుగా స్థిరపడి, ఈమధ్యే ప్రాక్టీసు మానేసిన మనిషి. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ అరవంలోకి జారిపోతాడు. ఆయనకూ ఆయన స్నేహితులకూ కలిపి ఒక తెరచాప పడవ ఉంది. ఎవరికీ అది వృత్తి కాదు. సెలవుల్లో సరదాకు నడుపుకుంటారు. ఆ పడవలో చెన్నై నుంచి అండమాన్ దాకా పోయి, ఆ పేరు మీద పిల్లల కాళ్లకు చందాలు పోగు చేద్దామని ఆయన ఆలోచన. వర్క్‌షాపుకు వచ్చి సంగతంతా చెప్పి, "కాళ్లు సేసే మీలో ఒకరు మాతో పడవెక్కితే జనం నమ్మి ఇస్తారమ్మా. ఎవరన్నా వస్తారా?" అని అడిగాడట. మిగతావాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ ఉండగానే కోమలి చెయ్యెత్తింది.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పింది. నీళ్లంటే ప్రాణభయం ఉన్న మనిషి! శ్రీకాళహస్తికి పోతే స్వర్ణముఖిలో కాలు పెట్టదు. తలకోనకు పోయినప్పుడు జలపాతానికి వీపు తిప్పి కూర్చుని చెనక్కాయలు తిన్నది. అలాంటిది సముద్రం మీద, అదీ గాలివాటు పడవలో! నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను.

"అండమాన్‌కు విమానం ఉండాది కదే!"

"విమానంలో పోతే ఎవురిస్తారు మామా చందా?"

మా అత్త వరదమ్మ వైపు చూశాను, ఆమైనా కూతుర్ని నాలుగు తిడుతుందని. ఆమెది చిత్తూరు పక్కన పల్లె. మామ పోయినప్పటి నుంచి మాతోనే ఉంటుంది. నోరు తెరిస్తే ఆగని మనిషి, ఆ పూట కూతురి మొహం చాలాసేపు చూసి, "నీళ్ల మీద కూడా పొద్దు గూకుతాది కదా" అని ఒక్క మాట అని లేచిపోయింది. ఏం మాటో నాకు అంతుబట్టలేదు.

ఇక ఆ ఏడాదంతా మా ఇంట్లో ప్రయాణం ఏర్పాట్లే. కోమలి ముందు ఈత నేర్చుకుంది. ఈతకొలనులో చిన్నపిల్లల పక్కన గట్టు పట్టుకుని కాళ్లు కొట్టింది. ఆదివారమొస్తే తడకు పరుగు. అక్కడ పులికాట్ సరస్సులో డాక్టరు చిన్న తెరచాప పడవ ఒకటి పెట్టుకుని నేర్పేవాడు. గాలి ఎటు కొడుతోందో బుగ్గల మీద పసిగట్టడం, తెరచాప దించడం, ఎత్తడం, చుక్కాని పట్టడం. తాళ్లు లాగి లాగి అరచేతులు పొక్కిపోయేవి. ఇంటికొచ్చి ఆ చేతులతోనే మంచం కోడుకు తాడు కట్టి ముడులు సాధన చేసేది. ఒకనాడు నా లుంగీ ఆరేసిన తాడు కూడా ముడిపడిపోతే కత్తెరతో కోయాల్సి వచ్చింది. పడవలో వాంతులైనా కడుపులో నిలుస్తుందని పులిహోర గుజ్జు, కందిపొడి, ఊరగాయ డబ్బాలకెక్కించింది. అంగడి దగ్గర ఆటోవాళ్లు "అన్నా, వదినమ్మ సముద్రం దాటేది ఎప్పుడు?" అని ఆటపట్టించేవాళ్లు. నేను కసురుకునేవాణ్ణి గానీ, నిజం చెప్పాలంటే లోపల కాస్త గర్వంగానే ఉండేది.

అంతా సవ్యంగా సాగుతోందనుకునేసరికి ఆ ఆదివారం వచ్చింది. ఆ రోజు నేనూ తడకు పోయాను. పడవలోంచి మనిషి నీళ్లలో పడిపోతే ఏం చెయ్యాలో నేర్పుతున్నాడు డాక్టరు. మనిషికి బదులు ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఒకటి నీళ్లలో పడేస్తారు. చుక్కాని దగ్గరున్నవాడు, దగ్గరలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచిన క్షణమే ఆ మనిషి పలకాలి, డబ్బా వైపు వేలు చూపాలి, పడవ తిరిగి దాని దగ్గరికి చేరేదాకా చూపు తిప్పకూడదు. ఇంతే పని. డబ్బా పడింది.

"కోమలీ!" అన్నాడు డాక్టరు.

కోమలి కదల్లేదు. "కోమలీ!" అన్నాడు మళ్లీ. చాప తాడు పట్టుకుని రాయిలా కూర్చుంది. మూడోసారి ఆయన గొంతు చించుకుంటే ఉలిక్కిపడి "ఆఁ" అన్నది. అప్పటికి డబ్బా అలల్లో ఎక్కడో. పక్కనే బెస్తాయన పడవలో కూర్చుని చూస్తున్న నేను పకపకా నవ్వి, "డాక్టరుగారూ, మా ఇంట్లో రోజూ ఇదే కథ, ఆమెను మూడుసార్లు పిలవాల" అని అరిచాను. ఎవరూ నవ్వలేదు. కోమలి డబ్బా కొట్టుకుపోయిన వైపే చూస్తోంది.

డాక్టరు గట్టెక్కాక మెల్లగానే చెప్పాడు. "పాప్పా, సముద్రంలో పడినోడు ఒక్కసారే అరుస్తాడు. రెండోసారికి నోట్లో నీళ్లుంటాయి. బయలుదేరే ముందు సముద్రంలో ఇంకొక పరీక్ష పెడతా. అప్పుడూ ఇట్లనే అయితే నిన్ను తీసుకుపోలేనమ్మా. మన్నించు."

తిరుగుదారిలో నాయుడుపేట చేరాం. అక్కడ హైవే పక్కన టీ అంగడి దగ్గర బండి ఆపాను. టీ గ్లాసు చేతిలో పెడితే పట్టుకుని అలాగే కూర్చుంది.

"మా గిరి సంగతి నీకు తెలుసు కదా మామా" అంది.

తెలుసు. ఆమె తమ్ముడు గిరి చిన్నప్పుడే ఇంటి వెనక దిగుడుబావిలో పడి చనిపోయాడని పెళ్లిమాటల్లోనే చెప్పారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఆ పొద్దు ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాను. పొద్దు గూకినాది. దీపం పెడతాండాను. బాయికాడి నుంచి 'అక్కా' అని వినబడినాది. అది వాడి గొంతు మాదిరి లేదు మామా. బాయిలో నుంచి వస్తే గొంతు వేరేగా ఉంటాది, ఎవురిదో మాదిరి. మాయమ్మ చెప్పింది గుర్తొచ్చినాది. పొద్దు గూకినాక ఎవురన్నా పిలిస్తే మొదటి పిలుపుకు పలకొద్దు, రెండోదానికీ పలకొద్దు. పలికితే తీసకపోతాది. మూడోసారి పిలిచే శక్తి దెయ్యానికి లేదు, మూడోసారి పిలిస్తేనే మనిషి అని. నేను పలకలేదు. ఇంకోసారి పిలిచినాడు. పలకలేదు. మూడోది వస్తే పరిగెత్తాలని గడపలో నిలబడినాను."

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"మూడోది రాలేదు."

ఆ చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయిన రోజు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి పక్కన ఏం తెలియకుండా పడుకున్నానన్నమాట. "మరి ఇప్పుడు ఎవురు పిలిచినా ఎందుకే పలకవు?" అన్నాను.

"ఎవురు పిలిచినా ముందు వాడేమో అనిపిస్తాది. మూడోసారి పిలిస్తే వాడు కాదని తెలుస్తాది."

"ఇంత పెట్టుకొని సముద్రం మీదికి ఎందుకే పోవడం?"

"పిల్లోళ్ల కాళ్ల కోసమే. అది నిజమే. కానీ నీళ్లలో నుంచి ఎవురన్నా పిలిస్తే ఒక్కసారన్నా మొదటి పిలుపుకే పలకాల మామా. అది చెయ్యకుండానే నేను సచ్చిపోతే ఎట్ల?"

సరే, నేను ఊరుకునే రకం కాదు. పలకడమే కదా, అలవాటు చేయిస్తానని పట్టుబట్టాను. అన్నం తింటుంటే, బట్టలు మడుస్తుంటే, ఉన్నట్టుండి ఒక్కసారి "కోమలీ" అనేవాణ్ణి. ఆమె పెదాలు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. కొన్నాళ్లకు ఒకటీ అరా పిలుపులకు పలకసాగింది. నేను మీసం మెలేశాను.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక సాయంత్రం అంగడి నుంచి వచ్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతున్నాను. లోపల నుంచి "ఆఁ, వస్తాండా" అంది కోమలి. నేనింకా నోరే తెరవలేదు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "పిలిచినావు కదా" అంది. లేదన్నాను. ఆమె నా భుజం మీదుగా వీధిలోకి చూసింది. నేనూ తిరిగి చూశాను. ఎవరూ లేరు.

తర్వాత అది రోజూ ఉండేది. దీపాలు పెట్టే వేళకు వంటింట్లో నుంచి, ఒక్కోసారి స్నానాలగది నుంచి, "ఆఁ" అనేది. ఎవరూ పిలవకుండానే. దెయ్యాలనేవాళ్లను ఎగతాళి చేసే మనిషిని నేను. అలాంటివాణ్ణి, పొద్దు గూకితే టీవీ సౌండు పెంచడం మొదలుపెట్టాను. వరదమ్మ ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది, ఉప్పుతో తీసింది, సందకాడ తలుపులన్నీ బిగించి గడపకడ్డంగా కూర్చుంది. చివరికి ఒకనాడు నా చెయ్యి పట్టుకుంది.

"పంపొద్దు అల్లుడూ. మొదటి పిలుపుకు పలకడం మొదలుపెట్టినాది. ఆ పిలిచేది ఊరికే పోదు. దీన్నీ తీసకపోతాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ మాట పట్టుకొనే కదా ఆ పిల్లోడు పోయినాడు! ఇప్పుడు దీన్ని కూడా బతకనీవా?" అనేశాను.

అనకూడని మాటే. వరదమ్మ గోడకానుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. "వాడు పిలిచింది దానికి వినబడినాదా?" అంది.

"వినబడకేం? గడపలో నిలబడి రెండు పిలుపులూ విన్నది."

"ఇంట్లో ఉండాది కదా, వినలేదనుకున్నానే" అంది. "నేనూ విన్నా అల్లుడూ. చేని కయ్యలో ఆవుకు కసువు కోసుకొని మోపు నెత్తిన బెట్టుకొని వస్తాండాను. ముందు 'అక్కా' అన్నాడు. అది నాది కాదు, దానిది. కోమలి పోతాదిలే అనుకున్నా. తర్వాత 'అమ్మా' అన్నాడు. అది నాది. నాకు ఒక్క పిలుపే వచ్చినాది. ఇంకా రెండుసార్లు పిలవాల కదా అని నిలబడినాను. మోపు కూడా దించలేదు. నిలబడే ఉండాను."

నేను పక్కకు తిరిగాను. వంటింటి గుమ్మంలో కోమలి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"అమ్మా" అంది.

వరదమ్మ పలకలేదు. "అమ్మా" అని మళ్లీ అంది. ముసలామె నేల చూస్తూ ఉంది. పలకనని కాదు, మూడోదాని కోసం చూస్తోందని నాకు అప్పుడు తెలిసింది. మూడోసారి కోమలి ఏడుస్తూ పిలిచింది. అప్పుడు తలెత్తింది వరదమ్మ.

"రెండోసారి వాడు నిన్నే పిలిచినాడని నాకు తెలుసు" అంది కోమలి. "నీకు తెలిస్తే బతకవని చెప్పలేదు."

"నువ్వు వినలేదనుకొనే నేను బతికినాను" అంది వరదమ్మ.

వాళ్లిద్దరూ పట్టుకుని ఏడుస్తారేమోనని చూశాను. ఏడవలేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. కోమలి లోపలికి పోయి స్టవ్వు ఆపి వచ్చి తల్లి పక్కన కింద కూర్చుంది. ఆ ఇద్దరి మధ్య నేనెందుకని బయటికి పోయాను.

మర్నాటి నుంచి పిలవడం నా పని కాదు, వరదమ్మ పని అయింది. అదీ సరిగ్గా పొద్దు గూకే వేళే. ఆమె హాల్లో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుని ఒక్కసారి "కోమలీ" అనేది. మొదటి రెండు మూడు రోజులు లోపల నుంచి ఏ చప్పుడూ లేదు. ముసలామె రెండోసారి పిలవదు. అది పంతం. పలుకుతుందేమోనని చీర కొంగు నోట్లో కుక్కుకుని అట్లాగే కూర్చునేది. ఒక సాయంత్రం "ఏందమ్మా" అని వెంటనే వచ్చింది జవాబు. వరదమ్మ కళ్లు తెరవకుండానే చేతులెత్తి దండం పెట్టింది. ఎవరికి పెట్టిందో నేనడగలేదు. ఎవరూ పిలవకుండా పలకడం మాత్రం కోమలి మానలేదు. దాన్ని ఎవరూ ఆపలేమని మాకు అర్థమైంది.

సముద్రంలో పరీక్షకు చెన్నై పోయాం. నన్నూ పెద్ద పడవలోకి ఎక్కించారు. హార్బరు దాటగానే పొద్దున తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పించి ఒక మూల కొయ్యబారిపోయాను. చుట్టూ నీళ్లు, ఒడ్డు సన్నటి గీత. డబ్బా ఎప్పుడు పడిందో నేను చూడలేదు.

"కోమలీ!"

"ఆఁ! అదో! సూస్తాండా!"

ఆయన నోటిలోని మాట ఇంకా పూర్తి కాలేదు, ఆమె లేచి నిలబడింది. చెయ్యి చాచి వేలు చూపింది. పడవ తిరిగింది. చాప పటపట కొట్టుకుంది. డబ్బాను కొక్కేనికి తగిలించి పైకి లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకైతే ఏడుపే వచ్చింది. డాక్టరు "సబాషమ్మా! ఇంక చెయ్యి దించు, చాలు" అన్నాడు. కోమలి చెయ్యి దించలేదు. డబ్బా ఉన్న చోటు దాటి ఇంకెక్కడో నీళ్ల మీదికి చూపుతూ, రెప్ప వేయకుండా, "సూస్తాండా, సూస్తాండా" అంటూనే ఉంది. డాక్టరు నా వైపు చూశాడు. నేను పాకుతూ పోయి ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాను. చెయ్యి మంచుగడ్డ.

అయినా ఆయన ఆమెను కాదనలేదు. "పలికే మనిషి నాకు కావాల" అన్నాడు.

బయలుదేరే రోజు వర్క్‌షాపు నుంచి పిల్లలు వ్యాను దిగి వచ్చారు, కోమలి చేసిన కాళ్ల మీద నడుచుకుంటూ. పేపరువాళ్లు ఫోటోలు తీశారు. చందాలు బాగానే పోగయ్యాయని, పెరిగి మళ్లీ కాలు అడిగే పిల్లలకు ఇక ఇబ్బంది లేదని ధర్మసంస్థవాళ్లు చెప్పారు. గాలి చూసుకుని సాయంత్రం కదులుదామన్నాడు డాక్టరు. కోమలి లైఫ్ జాకెట్టు వేసుకుని తల్లి కాళ్లకు దండం పెట్టింది. "పోయొస్తా అమ్మా" అంది. నాతో, "మామా, నీ బీపీ మాత్రలు ఫ్రిజ్జు మీద ఉండాయి" అంది. అంతకన్నా ఏం చెప్పుకుంటాం!

పడవ హార్బరు గోడ దాటింది. తెల్లచాప నెమ్మదిగా చిన్నదైంది. పిల్లలూ పేపరువాళ్లూ వెళ్లిపోయారు. "పోదాం పద అత్తా" అంటే వరదమ్మ కదల్లేదు. పొద్దు గూకింది. నీళ్ల రంగు మారింది. నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను. గోడకు అలలు తగులుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆఁ!" అంది వరదమ్మ గట్టిగా, నీళ్ల వైపు తిరిగి. "ఈడే ఉండాను గిరీ! వస్తాండా రా నాయనా!"

నేను భయంతో ఆమె రెండు చేతులూ పట్టేసుకున్నాను. నాకేమీ వినబడలేదు. ఆమె విడిపించుకోలేదు, ముందుకు అడుగు వేయలేదు. నా వైపు తిరిగింది. ఇన్నేళ్లలో ఆ మొహం అంత తేలిగ్గా నేనెప్పుడూ చూడలేదు.

"పలికేసినాను అల్లుడూ" అంది. "ఇంగ వాడు రెండోసారి పిలిచే పని లేదు."